తక్కువ మైళ్ళు అనే మూఢనమ్మకం

ఎడిసన్‌లో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా పప్పు, పులుసు దాటి పెరుగన్నంలోకి వచ్చేసరికి మాట కార్ల మీదకు మళ్ళుతుంది. ఎవరో ఒకరు ఈ మధ్యే కారు కొని ఉంటారు. అతగాణ్ణి అడిగే ప్రశ్నలు రెండే రెండు. ఎంత పడింది? ఎన్ని మైళ్ళు తిరిగింది? రెండు అంకెలూ తక్కువైతే కొన్నవాడు ఘనుడు. ఏ ఒక్కటి ఎక్కువైనా పాపం వాడికి ముద్ద గొంతు దిగదు. మూడో ప్రశ్న ఇన్నేళ్ళలో నేను వినలేదు.

నాలుగేళ్ళ కామ్రీకో, అకార్డుకో ఈ లెక్క సరిపోతుందేమో, దాంతో నాకు పేచీ లేదు. నా గొడవంతా ముప్ఫై అయిదేళ్ళ నాటి స్పోర్ట్స్ కారు కొనడానికి కూడా ఇదే త్రాసు పట్టుకుని బయల్దేరే మన ఇంజనీరు మహాశయులతోనే. కాలేజీ హాస్టల్ గోడ మీద అంటించుకున్న పోస్టరు మీదకు ఉద్యోగం కాస్త కుదురుకున్నాక మనసు పోవడం తప్పేమీ కాదు. నాకూ పోయింది. కానీ ఒక్క లైను కోడు మారిస్తే ఇద్దరు రివ్యూ చెయ్యందే ముందుకు కదలనివ్వని మనమే, శనివారం సాయంత్రం ఇరవై నిమిషాల్లో, ఒక్క అంకె చూసి, పన్నెండు వేల డాలర్లు ఎలా ధారపోస్తామో అర్థం కాదు.

అర్థం కాదనడం కూడా అబద్ధమేలెండి. నేను చేసిన పనే అది. పైగా నా డబ్బుతో కాదు, స్నేహితుడి డబ్బుతో.

2022 సెప్టెంబరు సంగతి. మా రూమ్మేటుకి ఎప్పటినుంచో పోర్షా కావాలని కోరిక. (పోర్ష్ అంటారా, పోర్షా అంటారా అని దెబ్బలాడుకునేవాళ్ళు బయట దెబ్బలాడుకోండి, ఇక్కడ పోర్షా.) 911 కొనే స్తోమత మా ఇద్దరి జీతాలు కలిపినా లేదు. అందుకని వాడి కన్ను 944 మీద పడింది. 1982 నుంచి 1991 దాకా వచ్చిన మోడల్ ఇది. ముందు నాలుగు సిలిండర్ల ఇంజను, గేర్‌బాక్సు మాత్రం వెనక చక్రాల దగ్గర. దాంతో బరువు ముందూ వెనకా దాదాపు సగం సగం పంచుకుంటుంది, మలుపుల్లో కారు మాట వింటుంది. ఆడీ వాళ్ళ నెకార్సుల్మ్ ఫ్యాక్టరీలో తయారయింది కాబట్టి అది అసలు పోర్షాయే కాదని ముక్కు విరిచేవాళ్ళున్నారు. వాళ్ళ పుణ్యమా అనే మనలాంటి వాళ్ళకు అందుబాటు ధరలో దొరుకుతోంది :)

పెన్సిల్వేనియాలో, ఆలెన్‌టౌన్ దగ్గర ఒకాయన 1987 మోడల్ ఎర్ర 944 అమ్ముతున్నాడు. మైళ్ళు 48,212. ధర పదకొండు వేల అయిదొందలు. 'కార్ల గురించి నీకు తెలుసు కదా, తోడు రారా' అన్నాడు మావాడు. నాకు తెలిసిందల్లా నాలుగు వీడియోలు. అయినా 'నీకు తెలుసు కదా' అని ఎవడైనా అంటే కాదనే ఇంజనీరు ఇంకా పుట్టలేదు. వెళ్ళాం. మేం వెళ్ళేసరికే ఆయన ఇంజను స్టార్ట్ చేసి ఉంచాడు. రంగు అద్దంలా మెరుస్తోంది. డాష్‌బోర్డు మీద ఒక్క బీట లేదు. బెల్టుల సంగతి అడిగితే 'బయటకు తీసిందే తక్కువ, కొత్తవాటిలాగే ఉంటాయి' అన్నాడు. నేను ఓడోమీటర్ ఫొటో తీసి, మావాడి చెవిలో 'తీసుకోరా, ఇంత తక్కువ మైళ్ళది మళ్ళీ దొరకదు' అన్నాను.

సరిగ్గా మూడు వారాలకు 287 హైవే మీద పిస్కాటవే దగ్గర అది ఆగిపోయింది. 'ఏం చప్పుడు లేదురా, ఊరికే ఆగిపోయింది' అన్నాడు ఫోన్లో. టైమింగ్ బెల్టు తెగింది. ఈ ఇంజనులో బెల్టు తెగితే పిస్టన్లు వెళ్ళి వాల్వులను గుద్దుతాయి. వాల్వులు వంగిపోతాయి. ఇదేం రహస్యం కాదు, 944 గురించి అక్షరం ముక్క చదివిన ప్రతివాడికీ మొదట తెలిసేదే ఇది. ఆ బెల్టు మైళ్ళతో పాటు ఏళ్ళు గడిచినా పోతుంది. రబ్బరు కదా! మూడు నాలుగేళ్ళకోసారి, తిరిగినా తిరగకపోయినా, మార్చాలి. బ్యాలెన్స్ షాఫ్టులకు ఇంకో బెల్టు ఉంటుంది, దాన్నీ మార్చాలి. బెల్టు బిగువు కొలవడానికి పోర్షా వాళ్ళు ప్రత్యేకంగా ఒక పనిముట్టే తయారుచేశారంటే వాళ్ళకు దాని మీద ఎంత భయమో ఊహించుకోండి. 'కొత్తవాటిలాగే ఉంటాయి' అన్నప్పుడు 'రశీదు చూపించండి' అనాల్సిన నోరు ఆ రోజు ఫొటోలు తీసుకుంటోంది.

అసలు అవమానం ఇంకా ఉంది. పాత పోర్షాలే బాగుచేసే ఓ ముసలి మెకానిక్కు దగ్గరకు కారు చేర్చాం. ఆయన వాల్వుల సంగతి చెప్పి, ఆరు వేల నాలుగొందలకు ఎస్టిమేటు రాసి, చివర్లో నవ్వుతూ 'ఓడోమీటర్ కూడా పనిచెయ్యట్లేదు, చెయ్యమంటారా?' అన్నాడు. ఈ కార్ల ఓడోమీటర్‌లో చిన్న ప్లాస్టిక్ పళ్ళచక్రం ఉంటుంది. అది కాలక్రమేణా పొడిపొడి అయిపోతుంది. స్పీడోమీటర్ ముల్లు మాత్రం శుభ్రంగా పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి నడిపేవాడికి అనుమానం రాదు. ఇంటికొచ్చి ఫోన్లో ఫొటోలు తీసి చూశాను. ఆలెన్‌టౌన్‌లో తీసింది 48,212. అరవై మైళ్ళ పైచిలుకు నడిపి ఇంటికొచ్చాక, స్నేహితులకు పంపుకోవడానికి తీసింది కూడా 48,212. ఇద్దరు ఇంజనీర్లం. ఎనిమిదేళ్ళ చదువు మా ఇద్దరిదీ కలిపి.

ఇప్పుడు చెప్పండి, ఆ అంకెను పట్టుకునేనా మనం పాత కారు విలువ కట్టేది?

చట్టం కూడా ఆ అంకెను నమ్మదు. అమెరికాలో కారు చేతులు మారేటప్పుడు ఓడోమీటర్ రీడింగు రాసి సంతకం పెట్టాలన్న ఫెడరల్ నిబంధన ఉంది. కానీ పదేళ్ళు దాటిన కార్లకు మినహాయింపు. 2011 మోడళ్ళ నుంచి ఆ గడువు ఇరవై ఏళ్ళకు పెంచారు, పాతవాటికి మాత్రం పాత లెక్కే. అంటే 1987 కారు మీద ఉన్న మైళ్ళకు పాతికేళ్ళ పైనుంచీ ఎవడూ పూచీ లేడు. హిస్టరీ రిపోర్టు తీస్తే తెలుస్తుందంటారు. అందులో ఉండేది ఎవరో ఒకరు కంప్యూటర్‌లో ఎక్కించిన సమాచారమే. 1989లో గుద్దుకుని, చేతి డబ్బుతో వీధి చివర షెడ్డులో బాగుచేయించుకున్న సంగతి ఏ డేటాబేసులోనూ ఉండదు. రిపోర్టు మచ్చలేకుండా ఉందంటే మచ్చ లేదని కాదు, ఎవరూ రాయలేదని. లాగ్ ఖాళీగా ఉంటే ఎర్రర్లు లేవని సంబరపడే జూనియర్‌ని మనం ఏం చేస్తాం?

సరే, ఆ అంకె నిజమే అనుకుందాం. ముప్ఫై అయిదేళ్ళ కారు నిజంగానే 48 వేల మైళ్ళే తిరిగింది. ఏడాదికి పద్నాలుగొందలు కూడా కాదు. అంటే ఎక్కువ కాలం అది గరాజులో పడుకుని ఉంది. పడుకున్న కారులో ఏం జరుగుతుందో తెలుసా? ఆయిలు అందక సీళ్ళు ఎండి బిరుసెక్కుతాయి. ట్యాంకులో పెట్రోలు జిగురుగా మారి ఇంజెక్టర్లలో పేరుకుంటుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లోని తేమను పీల్చుకుని లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. ఎలకలు వైర్లు కొరుకుతాయి. పదేళ్ళుగా ఎవడూ ముట్టుకోని మాడ్యూల్‌ని చూసి 'ఎంత స్టేబుల్ కోడో' అనేవాడు మన ఆఫీసుల్లో ఉన్నాడా? వాడు సెలవులో ఉన్న రోజున అది పేలుతుందని అందరికీ తెలుసు. కారు దగ్గరకొచ్చేసరికి మాత్రం అదే నిద్రకు అదనంగా నాలుగు వేలు ఇచ్చి వస్తాం.

మా తాత ఇంజనీరు కాదు. సంతలో గేదెను కొనేముందు పళ్ళు పట్టి చూసేవాడు, నడిపించి చూసేవాడు, రెండు పూటలా పాలు పిండించి చూసేవాడు. అమ్మేవాళ్ళు ముందురోజు సాయంత్రం పూట ఎగ్గొట్టి పొదుగు నిండుగా కనబడేలా తోలుకొస్తారని ఆయనకు తెలుసు. అందుకే ఒక్క పూట పాలను నమ్మేవాడు కాదు. మేం వెళ్ళేసరికే ఇంజను స్టార్ట్ చేసి ఉంచాడన్నానే, అది ఇదే. చల్లారిన ఇంజను మొదటిసారి అందుకునేటప్పుడే తన రోగాలన్నీ చెప్పుకుంటుంది. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోంది. తెల్ల పొగ ఎంతకీ ఆగకపోతే కూలంటు లోపలికి దిగుతోంది. మొదటి నాలుగు క్షణాల టకటకలు కూడా అప్పుడే వినబడాలి. వేడెక్కాక చాలా ఇంజనులు మర్యాదస్థుల్లా ప్రవర్తిస్తాయి. అమ్మేవాడికి ముందే చెప్పాలి, 'నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి' అని. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి వెయ్యాలి. వెచ్చగా ఉంటే టీ తాగి కబుర్లు చెప్పి వచ్చెయ్యడమే.

'అన్నీ మెకానిక్కే చూడాలంటే మనమెందుకు?' అని అడుగుతారు. మనం చూడగలిగినవి బోలెడున్నాయి, డబ్బు ఖర్చు లేకుండా. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2309 అని ఉంటే 2009లో 23వ వారం. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆ టైరుకు కాలం తీరింది, ఆ కారు అన్నేళ్ళుగా కదల్లేదని కూడా అదే చెబుతోంది. కూలంటు పోసే డబ్బా మూత తీసి చూడండి. గోధుమరంగు మీగడలాంటిది కనబడితే ఆయిల్ కూలర్ సీళ్ళు పోయి ఆయిలూ కూలంటూ కలిశాయన్నమాట, 944లో ఇది మామూలు జబ్బు. బ్యాటరీ కింద పళ్ళెం చూడండి. యాసిడ్ కారి అక్కడ చిల్లు పడితే వాన నీళ్ళు క్యాబిన్‌లోకి దిగుతాయి. తివాచీ కిందకు చెయ్యి పోనిస్తే తడి తెలుస్తుంది. ఇక టెస్ట్ డ్రైవ్‌లో ఓడోమీటర్ చివరి అంకె తిరుగుతోందో లేదో చూడండి. ఇది మాత్రం నా అనుభవంతో చెబుతున్నా :(

ఈ కారు బాడీ అంతా జింకు పూత ఉన్న ఉక్కు. ఇక్కడి చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పును కూడా బాగానే తట్టుకుంటుంది. కాబట్టి 944 డోరు కిందో, చక్రం పైనో పొక్కులు కనబడితే కారు వయసైపోయిందని కాదు, అక్కడ ఎప్పుడో దెబ్బ తగిలి ఎవరో పుట్టీ పెట్టి రంగేశారని. రంగు మందం కొలిచే చిన్న మీటరు వస్తుంది, మూడు నాలుగు భోజనాల ఖరీదు. ఫ్యాక్టరీ రంగు సుమారు నూరు, నూటయాభై మైక్రాన్లు ఉంటుంది. ఒక్క ఫెండరు మీద ఏడెనిమిదొందలు చూపిస్తే అక్కడ పుట్టీ ఉన్నట్టే. మా ఎర్ర కారు ఎడమ ఫెండరు సంగతి చెప్పి ఇంకా నవ్వుల పాలు కాదల్చుకోలేదు.

మిగతాది తెలిసిన మెకానిక్కు పని. 1996 మోడళ్ళ నుంచే అమెరికాలో అన్ని కార్లకూ ఓబీడీ-2 తప్పనిసరి అయింది. అంతకుముందు కార్లకు స్కానరు తగిలించి కోడ్లు చదివేద్దామంటే కుదరదు, చేతులతో చెవులతో చూడాల్సిందే. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిస్తే నాలుగు అంకెలూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి పది పదిహేను శాతం కిందికుంటే ఎందుకో తేల్చాలి. క్లచ్చు ఎంత మిగిలిందో చూడాలి. గేర్‌బాక్సు వెనక ఉండటం వల్ల ఈ కారులో క్లచ్చు మార్చాలంటే ఎగ్జాస్టు విప్పి, మధ్యలో గొట్టంలాంటి టార్క్ ట్యూబునంతా వెనక్కి జరపాలి. క్లచ్చు ప్లేటు కన్నా కూలీ ఎక్కువ. ఇవన్నీ చూడటానికి మెకానిక్కు మూడొందలడిగితే మనవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. 'మూడొందలా? కొనకపోతే దండగే కదా!' కొనకపోతేనే కదండీ అది పదకొండు వేలు మిగిల్చింది! అమ్మేవాడి బావమరిది చేసే ఉచిత తనిఖీ పనికిరాదు. తనిఖీకి ఒప్పుకోని అమ్మకందారు అప్పటికే తనిఖీ ఫలితం చెప్పేశాడు.

ప్రభుత్వ ఇన్‌స్పెక్షన్ స్టిక్కరు చూసి ధైర్యపడేవాళ్ళకు ఒక మాట. మా న్యూజెర్సీలో 2010 నుంచి మామూలు కార్లకు మెకానికల్ తనిఖీయే ఎత్తేశారు. మిగిలింది పొగ పరీక్ష.

'ఎక్కువ తిరిగిన కారు అరిగిపోదా మరి?' అని ఒక అన్నయ్య అడిగాడు. అరుగుతుంది. రింగులు, బుష్షులు, సింక్రోలు అన్నీ అరుగుతాయి. కానీ అరుగుదలను కొలవొచ్చు, పైన చెప్పిన పరీక్షలన్నీ అందుకే. తక్కువ మైళ్ళ కార్లకే వేలంలో ఎక్కువ ధర పలుకుతుందన్నదీ నిజమే. పుట్టినప్పటినుంచీ రశీదులతో సహా మ్యూజియం వస్తువులా కాపాడిన కార్లు కొన్ని ఉన్నాయి, వాటిని కొనేవాళ్ళు నడపరు. మళ్ళీ గరాజులోనే పెడతారు. నేను మాట్లాడేది ఆదివారం పొద్దున్న నడపడానికి కొనుక్కునే మనలాంటి వాళ్ళ గురించి. వాళ్ళకు మైళ్ళకన్నా ముందు కావలసింది కాగితాలు. పెళ్ళి సంబంధం వస్తే ఫొటో చూసి ఊరుకుంటామా? ఊళ్ళో వాకబు చేస్తాం. కారుకు ఆ వాకబు రశీదుల ఫైలే. ఏ సంవత్సరం బెల్టు మార్చారు, దాంతోపాటు అదే బెల్టు తిప్పే వాటర్ పంపు మార్చారా, ఎవరు చేశారు, తేదీల మధ్య ఎన్నేళ్ళ ఖాళీ ఉంది. ఫైలు లేకపోతే బెల్టులు, పంపు, క్లచ్చు అన్నీ కొత్తగా వేయించడానికయ్యే ఖర్చు ధరలోంచి తీసేసి బేరం మొదలుపెట్టాలి. ఆ బేరం ఎవడూ చెయ్యడు. రెండొందలు తగ్గించి 'కొట్టాం' అనుకుని వస్తారు.

మావాడి కారు సంగతి చెప్పలేదు కదూ. ఆరు వేల నాలుగొందలు పెట్టాలా వద్దా అని మూడు నెలలు ఊగిసలాడాడు. 2023 జనవరిలో లేఆఫుల్లో వాడి పేరు వచ్చింది. హెచ్-1బి మీద ఉన్నవాడికి అరవై రోజులు. ఆ రోజుల్లో పదకొండు వేల అయిదొందలంటే ఎంతో, వాడు రాత్రిళ్ళు ఎక్సెల్ షీటు ముందేసుకుని కూర్చుంటే చూసినవాణ్ణి నేను. అద్దె, ఇంటికి పంపాల్సింది, లాయరు ఫీజు అన్నీ వరసలుగా ఉండేవి. కింద ఒక వరసలో ఎర్ర రంగులో 'కారు' అని ఉండేది, పక్కన అంకె లేదు. ఈలోపు కదలని బండి తీయకపోతే టో చేస్తామని అపార్ట్‌మెంటు ఆఫీసు నోటీసు. విడిభాగాలు అమ్ముకునే ఒకాయన పద్దెనిమిదొందలిచ్చి ట్రక్కు మీద ఎక్కించుకుపోయాడు. యాభయ్యో రోజు దాటాక డాలస్‌లో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఈ టపా రాసేవాణ్ణి కాదేమో.

పోయిన వేసవిలో నేనూ 944 కొన్నాను. 1988 మోడల్, 1,63,000 మైళ్ళు, డాష్‌బోర్డు మీద మూడు బీటలు, రంగు ఎండకు వెలిసింది. ముగ్గురు చూసి వెళ్ళిపోయారని అమ్మినావిడ చెప్పింది. బూట్ల పెట్టె నిండా రశీదులు, బెల్టుల తేదీలన్నీ ఉన్నాయి, నాలుగు సిలిండర్లూ ఒకే మాట మీద ఉన్నాయి. దానికి ముందు ఇంకో రెండు కార్లకు తనిఖీ చేయించి వదిలేశాను, ఆరొందలు పోయాయి. బెల్టు వయసు మూడేళ్ళకు దగ్గర పడిందని కొనగానే రెండు బెల్టులూ, పంపూ మార్పించాను. ఈ కార్లలో డీఎమ్ఈ రిలే అని ఒకటి చెప్పకుండా పోతుంది, అది పోతే ఇంజను ఉన్నపళంగా ఆగుతుంది. ఇంకోటి కొని గ్లవ్ బాక్సులో పెట్టాను.

మొన్న ఓ ఇంట్లో భోజనాల దగ్గర మైళ్ళు చెప్పగానే ఒకాయన 'లక్షా అరవై వేలా! మోసపోయావు తమ్ముడూ' అని జాలిపడ్డాడు. ఆయన ఓ నిస్సాన్ స్పోర్ట్స్ కారు చూస్తున్నాడట, 1990ది, 31 వేల మైళ్ళేనట. ఎప్పుడు బయటకు తీశారు, టైర్ల తేదీ ఎంత, స్టార్ట్ చెయ్యకుండా ఉంచమన్నారా అని అడిగాను. పెరుగు ఇటు జరపమన్నాడు.

కొత్త బెల్టు సాగుతుంది కాబట్టి మొదటి రెండు వేల మైళ్ళలోపు బిగువు మళ్ళీ చూడాలి. శనివారం మెకానిక్కు దగ్గరకు వెళ్తున్నాను. ఎవరైనా ఆలెన్‌టౌన్ వైపు కారు చూడ్డానికి పోతుంటే చెప్పండి, రంగు మీటరు నా దగ్గరుంది.